అమెరికా పబ్లిక్ స్కూల్లో చేర్చేటప్పుడు వీసా కాగితాలు ఇవ్వాలా? పిల్లల వివరాలు ఎక్కడికి వెళ్తాయి?

సిరిమల్లె | డాలస్ దగ్గర

అందరికీ నమస్కారం. ఇల్లు మారడంతో మాకు స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థ) కూడా మారింది. బాబును రెండో తరగతిలో, పాపను ఆరో తరగతిలో చేర్చాలి. ఆన్‌లైన్ ఫారంలో పుట్టిన దేశం, అమెరికాలో మొదట బడిలో చేరిన తేదీ, ఇంట్లో మాట్లాడే భాష, సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతున్నారు. మావారి ఉద్యోగం పోయింది. వీసా స్టేటస్ మార్పుకు అప్లై చేశాం, ఇంకా ఏదీ తేలలేదు. తెలిసినవాళ్లేమో పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-94 (దేశంలోకి ఎప్పుడొచ్చామో, ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) అన్నీ అప్‌లోడ్ చేసేస్తే పని త్వరగా అవుతుందంటున్నారు. చేసేయమంటారా? ఆ కాగితాలు తర్వాత ఎవరి చేతికి వెళ్తాయి? రోజూ ఇదే టెన్షన్. తెలిసినవారు కాస్త చెప్పండి.

మోడరేటర్

సిరిమల్లె గారూ, మంచి ప్రశ్న. జవాబిచ్చేవాళ్లకు ఒక మాట. మీ కుటుంబం స్టేటస్ గురించి గానీ, బడి పేరు, పిల్లల పేర్లు గానీ ఇక్కడ రాయకండి. ఈ పేజీ ఎవరైనా చదవొచ్చు. రాసేసిన వాళ్లు ఎడిట్ చేసుకోండి. కాకపోతే నాకు మెసేజ్ పెట్టండి, నేను తీసేస్తాను.

మంజీర | టెక్సస్

సిరిమల్లె గారూ, నేను ఒక డిస్ట్రిక్ట్‌లో అడ్మిషన్లు చూసే ఆఫీసులో పనిచేస్తాను. ముందు టెన్షన్ తగ్గించుకోండి. పిల్లల్ని చేర్చుకోవడానికి మాకు కావలసినవి మూడే: బిడ్డ వయసు, మీరు మా పరిధిలో ఉంటున్నారన్న రుజువు, టీకాల కార్డు. వీసా ఏమిటి, ఐ-94 ఎప్పటిదాకా ఉంది అన్నది మాకు అక్కర్లేదు. అడగకూడదు కూడా.

వయసుకు బర్త్ సర్టిఫికెట్ చాలు, ఇండియాదైనా పర్వాలేదు. మనవాళ్లకు మున్సిపాలిటీ ఇచ్చిన పాత సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు ఉండదు, పేరు పెట్టకముందే తీసుకుని ఉంటారు. అలాంటప్పుడు పాత బడి రికార్డుగానీ ఇంకో రుజువుగానీ చూపించవచ్చు. పాస్‌పోర్టు ఇస్తానంటే ఫొటో ఉన్న పేజీ ఒక్కటే ఇవ్వండి, వీసా స్టాంపు పేజీ వద్దు. టెక్సస్‌లో ఈ కాగితాలు చేరిన తర్వాత 30 రోజుల్లోపు ఇచ్చినా సరిపోతుంది. కాబట్టి చేతిలో లేవని మొదటి రోజే బిడ్డను వెనక్కి పంపరు.

నివాసానికి లీజు, కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు పనికొస్తాయి. డ్రైవింగ్ లైసెన్సే తెమ్మని పట్టుబట్టకూడదు. 2014 మేలో కేంద్ర విద్యాశాఖ, న్యాయశాఖ కలిసి అన్ని డిస్ట్రిక్ట్‌లకూ రాసిన లేఖలో ఇదంతా వివరంగా ఉంది.

ఇక సోషల్ సెక్యూరిటీ నంబరు. అది మీ ఇష్టం, ఖాళీగా వదిలేయండి. టెక్సస్‌లో నంబరు లేని పిల్లలకు రాష్ట్రం ఒప్పుకున్న వేరే ఐడీ నంబరు మేమే ఇస్తాం. అసలు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పిల్లల్లో చాలామందికి ఆ నంబరే ఉండదు. ఖాళీగా వదిలితే అనుమానం వస్తుందేమో అని చాలామంది తల్లులు అడుగుతుంటారు. మా దగ్గర ఆ గడి ఖాళీగా ఉన్న పిల్లలు ఎందరో.

సిరిమల్లె | డాలస్ దగ్గర

మంజీర గారూ, చాలా థాంక్స్ అండీ. మరి పుట్టిన దేశం, మొదట చేరిన తేదీ ఎందుకు అడుగుతున్నారు? అది స్టేటస్ కనుక్కోవడానికేగా?

బడి_టీచరమ్మ | న్యూజెర్సీ

కాదమ్మా. నేను పబ్లిక్ స్కూల్లో ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లలకు చెప్తాను కాబట్టి ఈ ప్రశ్న వెనకున్న లెక్క నాకు బాగా తెలుసు.

కేంద్ర విద్యాచట్టంలో టైటిల్ త్రీ అనే భాగం కింద బడులకు కొంత డబ్బు వస్తుంది. 3 నుంచి 21 ఏళ్ల మధ్య వయసుండి, అమెరికా బయట పుట్టి, ఇక్కడి బళ్లలో మూడు పూర్తి విద్యా సంవత్సరాలకు మించి చదవని పిల్లలు ఎంతమంది ఉన్నారో దానికోసం లెక్క చూపాలి. అందుకే పుట్టిన దేశం, చేరిన తేదీ అడుగుతారు. గ్రీన్‌కార్డు ఉన్న బిడ్డా, హెచ్-4 బిడ్డా, ఏ కాగితమూ లేని బిడ్డా ఆ లెక్కలో ఒక్కటే. ఇంట్లో మాట్లాడే భాష అడిగేది ఇంగ్లిష్ సాయం కావాలేమో తెలుసుకోవడానికి. సాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా పిల్లలు ఇంగ్లిష్ అర్థంకాక తరగతిలో ఊరికే కూర్చుంటున్నారని కేసు వేస్తే, 1974లో సుప్రీంకోర్టు లావ్ వర్సెస్ నికల్స్ తీర్పులో అలా వదిలేయడం తప్పని చెప్పింది. ఆ గడిలో తెలుగు అని ధైర్యంగా రాయండి. కొందరు మనవాళ్లు ఇంగ్లిష్ అని రాసేస్తారు. అప్పుడు బిడ్డకు రావలసిన సాయం రాకుండా పోతుంది, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఓరుగల్లు_రవి | నార్త్ కరోలినా

నాకో సందేహం. మనం పన్నులు కట్టి, లైన్లో నిలబడి, అన్నీ సక్రమంగా చేసి వచ్చినవాళ్లం. కాగితాలు చూపించడానికి మనకు భయమెందుకు? దాచమని సలహా ఇస్తే ఏదో తప్పు చేసినట్టు ఉండదూ? కాగితాలు లేనివాళ్ల సమస్య వేరు, మనది వేరు. రెండూ కలిపితే మనకే చెడ్డపేరు.

కృష్ణాతీరం | కాలిఫోర్నియా

రవి గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ రక్షణ ఎలా వచ్చిందో తెలిస్తే ఇది వాళ్లది, ఇది మనది అని గీత గీయడం ఎంత కష్టమో మీకే కనిపిస్తుంది. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

1975లో టెక్సస్ ఒక చట్టం చేసింది. చట్టప్రకారం దేశంలోకి రాని పిల్లల చదువుకు రాష్ట్రం డబ్బు ఇవ్వదు, అలాంటి పిల్లల్ని డిస్ట్రిక్ట్‌లు చేర్చుకోకపోయినా ఫర్వాలేదు. టైలర్ అనే ఊళ్లో 1977 నుంచి అలాంటి ఒక్కో బిడ్డకు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెట్టారు. ఆ తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు, అంత కట్టలేరు. నాలుగు కుటుంబాలు కోర్టుకెళ్లాయి. కోర్టుకు వస్తే పట్టుకుని పంపేస్తారేమో అన్న భయంతో సామానంతా కార్లలో సర్దుకునే వచ్చారట. వాళ్లు నలుగురి కంట పడకూడదని జడ్జి విలియం వేన్ జస్టిస్ విచారణను పొద్దున్నే ఆరింటికి పెట్టారు. అసలు పేర్లు బయటికి రాకుండా కేసులో డో అనే మారుపేరు వాడారు. ప్రతివాదిగా ఉన్నది ఆ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ జేమ్స్ ప్లైలర్. అందుకే అది ప్లైలర్ వర్సెస్ డో అయింది.

అంటే బడిలో చదువుకునే హక్కు, ఎవరో బయటపెట్టకుండా ఉండే హక్కు, రెండూ ఆ కేసులో మొదటిరోజు నుంచీ జంటగానే నడిచాయి. 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చింది, రాసినది జస్టిస్ బ్రెనన్. తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించకూడదన్నది అందులో ముఖ్యమైన మాట. అసమ్మతి రాసిన చీఫ్ జస్టిస్ బర్గర్ కూడా పిల్లలకు చదువు లేకుండా చేయడం తెలివైన విధానం కాదనే అన్నారు. కాకపోతే అది తేల్చాల్సింది కోర్టు కాదని ఆయన వాదన.

ఇప్పుడు మన సంగతి. ఇవాళ సక్రమంగా ఉన్న హెచ్-1బీ కుటుంబం రేపు ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో వేరే దారో చూసుకోవాల్సిన గడువులో పడుతుంది. పొడిగింపు దరఖాస్తు తిరస్కరిస్తే ఒక్క ఉత్తరంతో స్టేటస్ పోతుంది. బిడ్డ మాత్రం అదే బెంచీలో అదే పుస్తకంతో కూర్చుని ఉంటుంది. బడి ఆ ఉత్తరాల వెంట పడితే ముందు ఇబ్బంది పడేది మన పిల్లలే.

ఓరుగల్లు_రవి | నార్త్ కరోలినా

ఆరింటికి విచారణ సంగతి నాకు తెలియదు. 60 రోజుల మాట నిజమే, మా టీమ్‌లో ఇద్దరికి జరిగింది. అయినా ఒక్కటి అడుగుతాను. బడి అడక్కపోయినా ప్రభుత్వం దగ్గర మన వివరాలన్నీ ఉన్నాయి కదా. బడికి ఇస్తే కొత్తగా పోయేదేముంది?

మంజీర | టెక్సస్

రవి గారూ, వివరాలు పోయేది ప్రభుత్వానికి ఒక్కదానికే కాదు. 2024 డిసెంబరులో పవర్‌స్కూల్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి దొంగలు చొరబడ్డారు. దేశంలో ఎన్నో డిస్ట్రిక్ట్‌లు పిల్లల రికార్డులు దాచేది అందులోనే. పేర్లు, అడ్రసులు, కొన్నిచోట్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు, ఆరోగ్య వివరాలు కూడా బయటికి పోయాయి. నంబరు ఇవ్వని పిల్లలది పోలేదు, ఎందుకంటే పోవడానికి అక్కడ ఏమీ లేదు. మీ వీసా పేజీ మా సర్వర్‌లో పదేళ్లు పడి ఉండటం వల్ల మీకు ఒరిగేదీ లేదు, మాకు ఒరిగేదీ లేదు. అడిగినంతే ఇవ్వండి అని మా కౌంటరు దగ్గరకు వచ్చే ప్రతి తల్లికీ చెప్తాను.

ఫ్రీమాంట్_సుధ

విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా అనే కేంద్ర చట్టం ఉంది కదా, మన అనుమతి లేకుండా బడి ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. ఇంక భయం దేనికి?

కృష్ణాతీరం | కాలిఫోర్నియా

సుధ గారూ, ఫెర్పా మంచి చట్టమే, 1974 నుంచి ఉంది. కానీ దానికి కంతలున్నాయి. అవి తెలుసుకోకుండా దాన్నే నమ్ముకుంటే చిక్కు.

ముందు డైరెక్టరీ సమాచారం. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు లాంటివాటిని డిస్ట్రిక్ట్ ఆ జాబితాలో పెట్టుకుంటే, మీ అనుమతి లేకుండానే బయటివాళ్లకు ఇవ్వొచ్చు. ఇవ్వొద్దని మీరు రాతపూర్వకంగా చెప్తే ఆపుతారు. ఏడాది మొదట్లో పిల్లల సంచిలో వచ్చే కాగితాల దొంతరలో ఆ ఫారం ఉంటుంది. చాలామంది చదవకుండా పక్కన పెట్టేస్తారు. పుట్టిన ఊరు ఆ జాబితాలో ఉండొచ్చన్న సంగతి మనలాంటి వాళ్లకు చాలా ముఖ్యం.

రెండోది కోర్టు ఉత్తర్వు, సబ్‌పీనా (రికార్డులు ఇవ్వమనో సాక్ష్యం చెప్పమనో వచ్చే చట్టపరమైన ఆదేశం). అవి చట్టప్రకారం వస్తే బడి రికార్డు ఇవ్వాల్సి రావచ్చు. అయితే ఇచ్చేముందు తల్లిదండ్రులకు తెలియజేయడానికి ప్రయత్నించాలి. లాయరును పెట్టుకుని అభ్యంతరం చెప్పే వ్యవధి మీకు ఉండాలన్నది ఉద్దేశం. చెప్పొద్దని కోర్టే ఆదేశించిన కేసుల్లో మాత్రం ఆ అవకాశం ఉండదు.

ఇంకొకటి, బడి ఫెర్పాను ఉల్లంఘిస్తే మీరు నేరుగా దావా వేయలేరు. 2002లో గొన్జాగా కేసులో సుప్రీంకోర్టు అలా తేల్చింది. 180 రోజుల్లోపు కేంద్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేయవచ్చు, అంతే. అందుకే నా దృష్టిలో అసలు రక్షణ మంజీర గారు చెప్పినదే. బడి దగ్గర లేని కాగితాన్ని ఏ సబ్‌పీనా తీసుకెళ్లలేదు.

బడి_టీచరమ్మ | న్యూజెర్సీ

కృష్ణాతీరం గారు రాసినదానికి ఇంకొకటి కలుపుతాను. ఇది తల్లులు తప్పకుండా తెలుసుకోవాలి. ఫెర్పా కాపాడేది రికార్డుల్లో ఉన్నదాన్ని. మీరు నాతో నోటితో చెప్పినది, నేను కళ్లారా చూసి గ్రహించినది దాని కిందికి రాదు. పేరెంట్ మీటింగ్‌లో మనసు బరువై అన్నీ చెప్పేసే తల్లులుంటారు. ఉద్యోగం పోయిందనీ, వీసా అయిపోతోందనీ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నాకు వినాలనే ఉంటుంది, కానీ సున్నితంగా ఆపి, ఆ వివరాలు నాకు అక్కర్లేదమ్మా, బిడ్డ ఇంట్లో ఎలా ఉంటోందో చెప్పండి చాలు అంటాను. పిల్లలు కూడా వ్యాసాల్లో, డైరీల్లో ఇంటి సంగతులు రాస్తారు. వాటి మీద నేను స్టేటస్ గురించి ఒక్క ముక్క రాయను. మంచి టీచర్లు అందరూ చేసేది ఇదే.

ఉచిత భోజనం ఫారం చూసి భయపడేవాళ్లూ ఉన్నారు. అందులో పెద్దవాళ్లలో ఒకరి సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు అడుగుతారు. లేకపోతే లేదని టిక్కు పెట్టే గడి అక్కడే ఉంటుంది. స్టేటస్ ప్రశ్నే ఉండదు. ఆదాయం తగ్గిన ఇళ్లు సిగ్గుపడకుండా అప్లై చేసుకోండి.

చికాగో_లక్ష్మి

అందరూ కాగితాల గురించే మాట్లాడుతున్నారు. నా భయం వేరు. ఐస్ (కేంద్ర ఇమిగ్రేషన్ అమలు విభాగం) వాళ్లు బడికే వచ్చేస్తే? పోయిన సంవత్సరం మా ఊళ్లో ఒక ఎలిమెంటరీ స్కూలుకు వచ్చారని గోలగోల అయింది.

కృష్ణాతీరం | కాలిఫోర్నియా

లక్ష్మి గారూ, మీరు 2025 జనవరి నాటి హామ్లిన్ స్కూల్ సంగతి అంటున్నట్టున్నారు. ఆ వచ్చినవాళ్లు సీక్రెట్ సర్వీస్ ఏజెంట్లని తర్వాత తేలింది, ఐస్ కాదు. కానీ సిబ్బంది వాళ్లను లోపలికి రానివ్వలేదు. ఎవరొచ్చినా సరే, ముందు ఆగమని చెప్పడం బడి సిబ్బందికి అలవాటు చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో రెండు ఎలిమెంటరీ స్కూళ్లకు హోంల్యాండ్ సెక్యూరిటీ ఏజెంట్లు వెళ్లారు. పిల్లల క్షేమం చూడటానికి వచ్చామనీ, ఇంట్లోవాళ్ల అనుమతి ఉందనీ చెప్పారు. అది నిజం కాదని డిస్ట్రిక్ట్ అన్నది. ప్రిన్సిపాళ్లు ఇద్దరూ వాళ్లను గేటు దాటనివ్వలేదు.

బళ్లు, ఆసుపత్రులు, గుళ్లు, చర్చిల దగ్గర అరెస్టులు వీలైనంత వరకు వద్దని 2011 నుంచి ఐస్‌కు ఒక మెమో ఉండేది, 2021లో ఇంకా విస్తరించారు. 2025 జనవరిలో దాన్ని రద్దు చేశారు. అది పోయినంత మాత్రాన బడి తలుపులన్నీ బార్లా తెరుచుకోలేదు. అక్కడ చూడాల్సింది కాగితం మీద సంతకం ఎవరిదని. ఐస్ వారంట్లు చాలావరకు ఆ శాఖ అధికారే సంతకం పెట్టినవి. వాటితో తరగతి గదుల దాకా రావడానికి బడి ఒప్పుకోనక్కర్లేదు. జడ్జి సంతకం చేసిన వారంటు వేరు, దానికి కట్టుబడాలి. ఏది ఏదో తేల్చాల్సింది రిసెప్షన్లో కూర్చున్న అమ్మాయి కాదు, డిస్ట్రిక్ట్ లాయరు. అందుకే మంచి డిస్ట్రిక్ట్‌లు రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు ఒకే పని చెప్తాయి: వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేయడం. మా రాష్ట్రంలో 2025 సెప్టెంబరులో దీన్ని చట్టం కూడా చేశారు. జడ్జి వారంటుగానీ కోర్టు ఉత్తర్వుగానీ లేనిదే లోపలి భాగాల్లోకి రానివ్వకూడదు. అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు. మీ డిస్ట్రిక్ట్ పద్ధతి ఏమిటో బోర్డు మీటింగ్‌లో అడగండి.

చికాగో_లక్ష్మి

థాంక్స్ అండీ. ఇంకో మాట, బళ్లో ఉండే పోలీసాఫీసరు సంగతి?

మంజీర | టెక్సస్

అది జాగ్రత్తగా చూడాల్సిన చోటు. బడిలోని పోలీసు విభాగం తన పనికోసం రాసుకున్న రికార్డులు ఫెర్పా కిందికి రావు. పిల్లలు కొట్టుకున్న చిన్న గొడవ ప్రిన్సిపాల్ దగ్గర ఆగితే అది విద్యా రికార్డు. పోలీసు రిపోర్టు అయితే లెక్క మారుతుంది. చిన్న విషయాలు పోలీసు దాకా పోకుండా చూడమని తల్లిదండ్రులుగా మనం అడగాలి.

అట్లాంటా_అత్తమ్మ

మా తమ్ముడి కొడుకు విజిటర్ వీసా మీద వచ్చాడు. ఆర్నెల్లు ఉంటాడు. బడి స్టేటస్ అడగదంటున్నారు కాబట్టి ఇక్కడే తొమ్మిదో తరగతిలో చేర్చేస్తే బాగుంటుంది కదా?

బడి_టీచరమ్మ | న్యూజెర్సీ

అత్తమ్మ గారూ, వద్దండీ. బడి అడక్కపోవడం వేరు, వీసా షరతులు వేరు. విజిటర్ వీసా మీద చదువుకు చేరడం షరతుకు విరుద్ధం. బడి చేర్చుకున్నా తర్వాత ఆ అబ్బాయి వీసా దరఖాస్తులోనే అది బయటపడుతుంది. హెచ్-4, ఎల్-2 (కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల కుటుంబ వీసా) పిల్లలకు ఈ ఇబ్బంది లేదు, మామూలుగా చదువుకోవచ్చు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద పబ్లిక్ హైస్కూలుకు రావాలంటే మొత్తం ఖర్చు తల్లిదండ్రులే కట్టాలి, అదీ 12 నెలలు మించకూడదు. పైగా ఎఫ్-1 పిల్లల వివరాలు బడి సెవిస్ అనే సిస్టమ్‌లో ప్రభుత్వానికి పంపాల్సిందే. నేను పైన చెప్పిన గోప్యత వాళ్ల విషయంలో అంతగా పనిచేయదు. మీ తమ్ముడిని ముందు లాయరుతో మాట్లాడమనండి.

ఓరుగల్లు_రవి | నార్త్ కరోలినా

ఇవన్నీ చదివాక నేను వేరే విషయం చూశాను. 2011లో అలబామా కొత్తగా చేరే పిల్లల స్టేటస్ బళ్లు కనుక్కోవాలని చట్టం చేసిందట. అది అమల్లోకి వచ్చిన కొద్దిరోజులకే ఒక్క సోమవారం రెండువేల మందికి పైగా హిస్పానిక్ పిల్లలు బడికి రాలేదట. వాళ్లలో ఇక్కడే పుట్టిన పౌరులు కూడా ఉంటారు కదా. ఆ సంఖ్య చూసి చాలాసేపు ఆలోచించాను. ఇప్పుడు మళ్లీ అలాంటి చట్టం వచ్చే ప్రమాదం ఉందా?

కృష్ణాతీరం | కాలిఫోర్నియా

రవి గారూ, ఉంది. అలబామా చట్టంలో బళ్లకు సంబంధించిన సెక్షన్‌ను 2011 అక్టోబరులోనే అప్పీలు కోర్టు ఆపింది, 2012లో అది చెల్లదని చెప్పింది. కానీ ప్రయత్నాలు ఆగలేదు. ఓక్లహోమాలో పిల్లల స్టేటస్ అడగాలన్న నిబంధనను 2025 జనవరిలో రాష్ట్ర విద్యా బోర్డు ఆమోదించింది. గవర్నర్ స్టిట్ వ్యతిరేకించారు, శాసనసభ కూడా ఒప్పుకోలేదు. టెనెసీలో కాగితాలు లేని పిల్లల్ని బళ్లు నిరాకరించేందుకు వీలిచ్చే బిల్లు 2025లో సెనేట్ దాటింది, హౌస్‌లో ఆగిపోయింది. ప్లైలర్ తీర్పును మళ్లీ సుప్రీంకోర్టు ముందుకు తేవాలన్నదే వాళ్ల ఉద్దేశం. 5-4తో వచ్చిన తీర్పు అది. మనలో ఓటున్నవాళ్లు రాష్ట్ర శాసనసభ ఎన్నికల్ని, స్కూల్ బోర్డు ఎన్నికల్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సిరిమల్లె | డాలస్ దగ్గర

అడ్మిషన్ అయిపోయిందండీ. బర్త్ సర్టిఫికెట్, లీజు, టీకాల కార్డు ఇచ్చాను, నంబరు గడి ఖాళీగా వదిలాను. కౌంటరులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఇంకా చేయాల్సింది ఏమైనా ఉందా?

మంజీర | టెక్సస్

సంతోషం సిరిమల్లె గారూ. ఉంది. అత్యవసర కాంటాక్టుల్లో మీ ఇద్దరి పేర్లే కాకుండా మీరు నమ్మే ఇంకో ఇద్దరి పేర్లు, ఫోన్లు రాయండి. సాయంత్రం మీరు రాలేకపోతే జాబితాలో పేరున్నవాళ్లకే పిల్లల్ని అప్పగిస్తాం, పక్కింటివాళ్లని చెప్పినా ఇవ్వం. నంబరు మారిన రోజే మాకు చెప్పండి. ఒకవేళ కొన్నాళ్లు పిల్లల్ని ఎవరి దగ్గరైనా ఉంచాల్సి వస్తే వాళ్లకు అధికారమిచ్చే నోటరీ కాగితం ఒకటి ముందే లాయరుతో రాయించుకోండి. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ఫారం.

షార్లెట్_శీను

మా అమ్మాయి హైస్కూల్లో చేరుతోంది. డైరెక్టరీ వద్దని ఒక్క ఫారం ఇస్తే సరిపోతుందా?

బడి_టీచరమ్మ | న్యూజెర్సీ

హైస్కూల్లో ఇంకొకటి చూసుకోవాలి శీను గారూ. తల్లిదండ్రులు వద్దనకపోతే మిలిటరీ రిక్రూటర్లు అడిగినప్పుడు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు బడి ఇవ్వాలి. కొన్ని డిస్ట్రిక్ట్‌ల్లో దానికి వేరే గడి, కొన్నింట్లో వేరే ఫారం. రెండూ అడిగి ఇవ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఏటా మళ్లీ ఇవ్వాలా అని కూడా ఆఫీసులో అడగండి. ఇంకొక సంగతి, అమ్మాయికి 18 నిండగానే ఫెర్పా హక్కులు మీ నుంచి తనకు మారతాయి. అప్పటి నుంచి సంతకం పెట్టేది తనే కాబట్టి ఈ ఫారాల్లో ఏముందో ఇప్పటి నుంచే పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి.